బ్యాట్ ఎవరిదో వరుస వారిది: హైదరాబాద్ జట్ల ఓటములూ, అభిమానుల అలకలూ

తెలంగాణ పడమటి అంచున, జహీరాబాద్ దాటాక కర్ణాటక సరిహద్దును తాకే మొగుడంపల్లి, 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు సంగారెడ్డి జిల్లాలో కొత్త మండల కేంద్రమైంది. చెరకు, అల్లం, ఆలుగడ్డ పండే ఈ ఎర్రనేలల్లో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే సంతలో వినబడతాయి. గట్టుకు అవతలి ఊళ్లు బెంగళూరు జట్టును, ఇవతలి ఊళ్లు హైదరాబాద్ జట్టును తమదనుకోవడానికి మధ్య అడ్డుగా ఉన్నది ఒక్క సరిహద్దు రాయి. అయితే ‘మన టీమ్’ అన్న మాటను అభిమాని గెలిచిన రోజున కంటే ఓడిన రోజునే గట్టిగా పలుకుతాడు. ఆ ఓపెనర్‌ను ఇంకా ఎందుకు మోస్తున్నారు, నాలుగో స్థానంలో ఎవరు దిగాలి, చివరి ఓవర్ ఎవరి చేతికి ఇవ్వాలి అని అడిగే హక్కు తనకు పుట్టుకతో వచ్చిందనే అతని నమ్మకం. ఆ హక్కును జట్టు నడిపేవారు ఏ కాలంలో ఎంతవరకు ఒప్పుకున్నారన్నది హైదరాబాద్ క్రికెట్ చరిత్రలో ఆసక్తికరమైన భాగం.

ముందుగా రెండు మాటల అర్థం తేల్చుకోవాలి. బ్యాటింగ్ వరుస అంటే పదకొండుమంది ఏ క్రమంలో క్రీజులోకి వస్తారన్న ఏర్పాటు: కొత్త బంతిని ఎదుర్కొనే ఇద్దరు ఓపెనర్లు, వారి వెనుక ఇన్నింగ్స్‌ను నిలబెట్టవలసిన మిడిలార్డర్, చివర బౌలింగ్ కోసమే జట్టులో ఉండి విధిలేక బ్యాటు పట్టే టెయిలెండర్లు. బౌలింగ్ కూర్పు అంటే కొత్త బంతి వేసే పేసర్లు, మధ్య ఓవర్లలో పరుగులను బిగించే స్పిన్నర్లు, డెత్ ఓవర్లుగా పేరుపడ్డ చివరి నాలుగైదు ఓవర్లను మోయగలిగిన నిబ్బరస్థులు. అమెరికాలో బేస్‌బాల్ అభిమానుల గొడవా దాదాపు ఇదే. అక్కడ తొమ్మిదిమంది వరుసను ఆటకు ముందే కాగితం మీద రాసి అంపైరుకు ఇస్తారు, ఒకసారి బయటికి పంపిన ఆటగాడు ఆ రోజు మళ్లీ ఆటలోకి రాలేడు, బంతి విసిరే పిచ్చర్ అలసినప్పుడు బదులుగా ఎవరిని దింపాలన్న నిర్ణయం మేనేజర్ మెడకు చుట్టుకుంటుంది. చికాగో కబ్స్ జట్టు 1908 తర్వాత మళ్లీ వరల్డ్ సిరీస్ గెలవడానికి 2016 దాకా పట్టింది కాబట్టి, అక్కడ తాత మొదలుపెట్టిన తిట్టును ముగించే పని మునిమనవడి మీద పడింది.

తెలుగునాట గల్లీ క్రికెట్‌కు మాత్రం రాతలో లేని చట్టం ఒకటుంది: బ్యాట్ ఎవరిదో మొదటి బ్యాటింగ్ వాడిదే. వాడు మొదటి బంతికే అవుటైనా ‘ట్రయల్ బాల్’ అని మళ్లీ నిలబడతాడు, మరీ కాదంటే అలిగి బ్యాటును చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు, దాంతో ఆట ముగుస్తుంది. కంది కోసిన చేలల్లో టెన్నిస్ బంతితో ఆడే పిల్లలకు ఈ చట్టం మీద ఎంత కోపమున్నా దాన్ని పాటించక తప్పదు. హైదరాబాద్ క్రికెట్‌ను తొంభై ఏళ్లుగా గమనిస్తే పెద్దల ఆట కూడా ఈ చట్టానికి మరీ దూరంగా ఏమీ నడవలేదని తోస్తుంది.

మొదట బ్యాట్ నవాబులది. నిజాం రాజ్యంలో పాయిగా అనే మాటకు సైనిక సేవకు ప్రతిఫలంగా జాగీర్లు పొందిన ప్రభు వంశమని అర్థం. ఆ వంశీయులు హోదాలో నిజాం తర్వాతివారు. వారిలో ఒకరైన నవాబ్ మొయినుద్దౌలా పేరుతో 1930-31లో మొదలైన గోల్డ్ కప్ దేశంలోని పేరున్న ఆటగాళ్లనందరినీ హైదరాబాద్‌కు రప్పించింది. జహీరాబాద్ కూడా పాయిగా జాగీరే. ఆ వంశంలోని జహీరుద్దీన్ ఖాన్ పేరే ఊరి పేరైందని చెబుతారు. అంటే జహీరాబాద్ రైతు చెల్లించిన శిస్తు చేరిన ప్రభు వర్గం నుంచే హైదరాబాద్ క్రికెట్‌కు తొలి బంగారు కప్పూ వచ్చిందన్నమాట. ఆ రైతు ఆ కప్పును చూసి ఉండడు.

ప్రభువుల చేతిలో బ్యాట్ ఉన్నప్పుడు వరుస ఎలా ఉంటుందో విజయనగరం రాజవంశానికి చెందిన మహారాజ్ కుమార్, అభిమానుల నోట ‘విజ్జీ’, దేశమంతటికీ చూపించాడు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అంతటి ఇంగ్లండ్ దిగ్గజాలను సొంత ఖర్చుతో భారతదేశానికి రప్పించిన ఈ క్రీడాపోషకుడు 1936 ఇంగ్లండ్ పర్యటనకు భారత జట్టు కెప్టెన్ అయ్యాడు. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. ఆ జట్టులో అప్పటికి పరుగులు దండిగా చేస్తున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. కెప్టెన్‌కు మాత్రం ఆ పర్యటన కాలంలోనే ‘సర్’ బిరుదు వచ్చింది. జట్టు కూర్పు మీద భారతదేశంలో తొలిసారి పెద్దయెత్తున చెలరేగిన ఆగ్రహానికి కేంద్రం ఒక తెలుగు సంస్థానపు బిడ్డ కావడం గర్వకారణం కాకపోయినా చరిత్రే.

ఆ తర్వాత ఏడాదిన్నరకే హైదరాబాద్ ఎవరూ ఊహించని పని చేసింది. రంజీ ట్రోఫీ అంటే రాష్ట్రాల, ప్రాంతాల జట్ల మధ్య 1934-35లో మొదలైన జాతీయ పోటీ. 1937-38లో ఎస్.ఎం. హుస్సేన్ నాయకత్వంలోని హైదరాబాద్, అంతకుముందు ఏడాది విజేత అయిన నవానగర్‌ను బొంబాయిలో జరిగిన ఫైనల్లో ఒక్క వికెట్ తేడాతో ఓడించింది. తొలి ఇన్నింగ్స్‌లో 113 పరుగులకే కుప్పకూలిన జట్టుకు నాలుగో ఇన్నింగ్స్‌లో 310 పరుగుల లక్ష్యం ఎదురైతే, ఎదుల్జీ ఐబారా 137 పరుగులతో అజేయంగా నిలిచి చివరి జంటతో గట్టెక్కించాడు. ఒక ఇన్నింగ్స్‌లో చేతులెత్తేసి, మరో ఇన్నింగ్స్‌లో ఒక్కడి భుజం మీద నిలబడడం ఈ జట్టుకు తొలి కప్పు నాటినుంచే అబ్బిన అలవాటు.

1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణను క్రికెట్ చరిత్రకారులు పెద్దగా పట్టించుకోరు గానీ, సరిహద్దు మండలాల అభిమాని ఎవరనేది తేలింది అప్పుడే. అప్పటిదాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు బీదర్ మైసూరు వైపు పోగా, జహీరాబాద్ తాలూకాలో అధికభాగం మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఆ గీత ఇంకాస్త తూర్పున పడి ఉంటే ఈ ఊళ్ల అరుగుల మీద తరువాతి తరాలు చర్చించుకునే బ్యాటింగ్ వరుస గుండప్ప విశ్వనాథ్‌తో, రాహుల్ ద్రావిడ్‌తో మొదలయ్యేది. మరో విచిత్రం, రాష్ట్రం పేరు హైదరాబాద్ నుంచి ఆంధ్రప్రదేశ్‌గా, అక్కడినుంచి తెలంగాణగా మారినా రంజీ జట్టు పేరు ఒక్కసారి కూడా మారలేదు. ఆంధ్ర జట్టు వేరేగా ఉంది కాబట్టి తెలుగువారి రాష్ట్రం ఒకటిగా ఉన్న కాలంలోనూ వారి రంజీ జట్లు రెండుగానే ఆడాయి. మొగుడంపల్లి కుర్రాడు ఎంత బాగా ఆడినా రాష్ట్ర జట్టు పేరులో రాజధాని తప్ప రాష్ట్రం లేదు. లీగ్ క్లబ్బులూ మైదానాలూ చాలావరకు జంటనగరాల్లోనే ఉండడం వల్ల ఆ పేరు అబద్ధమూ కాదు.

అభిమానుల కోపం మైదానంలోకి దిగిన సందర్భం 1969 అక్టోబరులో వచ్చింది. అందుకు వేదికైన ఫతే మైదాన్ అంటే విజయ మైదానం; 1687లో గోల్కొండ ముట్టడి వేళ ఔరంగజేబు సేనలు అక్కడ విడిది చేసినందువల్ల ఆ పేరు వచ్చిందంటారు కాబట్టి, ఆ పేరులోని విజయం ఊరిది కాదు, ఊరిని గెలిచినవారిది. అప్పటికి రెండేళ్ల కిందటే లాల్ బహదూర్ స్టేడియంగా మారిన ఆ మైదానంలో 1955లో పాలీ ఉమ్రిగర్ న్యూజిలాండ్ మీద 223 పరుగులు చేసి టెస్టుల్లో భారతదేశపు తొలి డబుల్ సెంచరీ సాధించాడు. మళ్లీ అదే న్యూజిలాండ్ వచ్చి 181 పరుగులకు అవుటైనప్పుడు జనం ఆశలు పెట్టుకోవడంలో తప్పులేదు. భారత బ్యాట్స్‌మెన్ ఒకరి వెనుక ఒకరు వచ్చి వెళ్లగా 49 పరుగులకే తొమ్మిది వికెట్లు పడ్డాయి. చివరి జంట ఓపికగా నిలబడి 40 పరుగులు జోడిస్తే గానీ స్కోరు 89కి చేరలేదు. పదకొండో ఆటగాడు నిలబడగలిగిన పిచ్ మీద మొదటి ఏడుగురు ఎందుకు నిలబడలేకపోయారన్న ప్రశ్న స్టాండ్లలో కూర్చున్న ఎవరికైనా వచ్చేదే. మైదానంలోకి ఉరికిన ఒక యువకుడి మీద పోలీసు లాఠీ పడటంతో అప్పటిదాకా నోటితో తిట్టినవారు చేతికి అందినవి విసరడం మొదలుపెట్టారు. అది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నగరాన్ని కుదిపేస్తున్న ఏడాది కూడా. లాఠీని చూస్తే మండే గుండెలు ఆ రోజు క్రికెట్ కోసమే వచ్చి ఉండనవసరం లేదు.

ఆ టెస్టు ముగింపు మరీ ఇబ్బందికరం. 268 పరుగుల లక్ష్యంతో దిగిన భారత్ ఏడు వికెట్లకు 76 పరుగుల దగ్గర కొట్టుమిట్టాడుతుండగా వాన కురిసి ఆటను ఆపింది. వాన వెలిశాక మైదానాన్ని ఆరబెట్టడంలో సిబ్బంది చూపిన నింపాదికి విసిగి న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహమ్ డౌలింగ్ తానే నీళ్లలోకి దిగాడు. మ్యాచ్ డ్రా అయింది, సిరీస్ సమమైంది. ఓటమి తప్పినందుకు సంతోషించాలో, తప్పిన తీరుకు తలదించుకోవాలో తెలియని స్థితిని హైదరాబాద్ ప్రేక్షకుడు తొలిసారిగా ఎరిగింది అప్పుడే కావచ్చు.

అదే కాలంలో హైదరాబాద్ రంజీ జట్టు మీద ఫిర్యాదు మరో రకానిది. ఎం.ఎల్. జయసింహ ఏళ్లతరబడి నడిపిన ఆ జట్టులో అబ్బాస్ అలీ బేగ్, అబిద్ అలీ, వికెట్‌కీపర్ కృష్ణమూర్తి, ఓపెనర్ జయంతిలాల్, పేసర్ గోవింద్‌రాజ్ ఉండేవారు. భారత జట్టుకు కెప్టెన్‌గా ఉన్న పటౌడీ హైదరాబాద్‌కు వచ్చేసరికి జయసింహ కింద మామూలు ఆటగాడు. 1962-63లో వెస్టిండీస్ పేసర్ రాయ్ గిల్‌క్రిస్ట్ కూడా ఈ జట్టు తరఫున బంతి విసిరాడు. నలభై అయిదేళ్ల తర్వాత మరో గిల్‌క్రిస్ట్ ఈ ఊరికి రాబోతున్నాడని అప్పుడెవరికి తెలుసు? 1971లో వెస్టిండీస్‌లో తొలిసారి సిరీస్ గెలిచిన భారత బృందంలో అయిదుగురు హైదరాబాదీలే. ఇంతమంది ఉండీ ఆ తరం ఒక్క రంజీ ట్రోఫీ కూడా ఇంటికి తేలేకపోయింది. 1964-65 ఫైనల్లో బొంబాయి చేతిలో ఓడింది. 1958-59 నుంచి 1972-73 దాకా వరుసగా పదిహేనుసార్లు బొంబాయే గెలిచిందని గుర్తుచేసుకుంటే ఆ వైఫల్యం అందరిదీ. అయినా హైదరాబాద్ అభిమాని ఆ జట్టును తిట్టినట్టు కనబడడు, మురిపెంగా తలచుకుంటాడు. జయసింహ ఎత్తి కట్టిన కాలరు, తీరైన నడక, మాటల్లోని దక్కనీ చమత్కారం ఓటమిని కూడా మర్యాదస్తుడి వ్యవహారంగా మార్చేశాయి. మనవాడు ఓడితే వచ్చే బాధకూ, కొనుక్కొచ్చినవాడు ఓడితే వచ్చే కోపానికీ తేడా తర్వాతి కాలంలో గానీ తెలిసిరాలేదు.

1986-87లో ఎం.వి. నరసింహారావు జట్టు ఢిల్లీలో ఢిల్లీని తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో మించి 49 ఏళ్ల తర్వాత రంజీ ట్రోఫీ గెలిచింది. మ్యాచ్ డ్రా అయినప్పుడు మొదటి ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు చేసినవారిని విజేతగా ప్రకటించే పద్ధతి ఇది. 1994లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర మీద ఆరు వికెట్లకు 944 పరుగులు చేసినప్పుడు ఎం.వి. శ్రీధర్ 366 సాధించాడు. రంజీ చరిత్రలో అంతకు మించిన జట్టు స్కోరు నేటికీ లేదు. 1999-2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఎనిమిది సెంచరీలతో 1,415 పరుగులు చేసి, బెంగళూరులో కర్ణాటక మీద సెమీఫైనల్లో 353 బాది జట్టును ఫైనల్‌కు చేర్చినా అక్కడ ముంబయి అడ్డుపడింది.

పదేళ్ల తర్వాత, 2010 నవంబరులో జైపూర్‌లో అదే హైదరాబాద్ రాజస్థాన్ మీద 15.3 ఓవర్లలో 21 పరుగులకు అవుటైంది. రంజీ ట్రోఫీలో అంతకు తక్కువ స్కోరు మరొకటి లేదు. అప్పటిదాకా ఆ అపఖ్యాతి 1934-35లో సదరన్ పంజాబ్ చేసిన 22 పరుగులది. తొలి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీశాడు. 944, 21: రెండూ ఒకే ట్రోఫీ రికార్డుల పుస్తకంలో ఒకే జట్టు పేరున ఉన్నాయి. ఈ 21 మీద అభిమానులు అల్లరి చేయలేదు, ఎందుకంటే మైదానంలో చూసేవారే అంతంతమాత్రం. రంజీ ఓటమి మరునాటి పత్రికలో నాలుగు కాలాల వార్తగా వచ్చి ముగిసింది. కోపం అప్పటికే మరో జట్టు మీదికి మళ్లింది.

ఆ జట్టు డెక్కన్ చార్జర్స్. ఫ్రాంచైజీ అంటే ఒక నగరం పేరుతో జట్టు నడుపుకునే హక్కును డబ్బు పెట్టి కొనుక్కున్న వ్యాపార సంస్థ. ఆటగాళ్లను అది వేలంలో పాడుకుంటుంది. 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు డెక్కన్ క్రానికల్ సంస్థ హైదరాబాద్ హక్కులు తీసుకుని ఆడం గిల్‌క్రిస్ట్, ఆండ్రూ సైమండ్స్, హెర్షెల్ గిబ్స్, షాహిద్ అఫ్రిది, రోహిత్ శర్మలను కూడగట్టి, కెప్టెన్సీని లక్ష్మణ్‌కు అప్పగించింది. సైమండ్స్‌కు పెట్టిన 13.5 లక్షల డాలర్లను ఆ వేలంలో మించినవాడు ధోని ఒక్కడే. కాగితం మీద ఇంతకంటే బలమైన బ్యాటింగ్ వరుస ఆ ఏడాది లేదని పత్రికలన్నీ రాశాయి. జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది: 14 మ్యాచ్‌లలో రెండు గెలుపులు, ఆ రెండూ పరాయి ఊళ్లలోనే, సొంత మైదానంలో ఆడిన ఏడూ ఓటములే.

2008 ఏప్రిల్ 24 రాత్రి హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియంలో రాజస్థాన్ రాయల్స్‌తో జరిగిన మ్యాచ్‌ను కాస్త దగ్గరగా చూస్తే ఆ సీజన్ మొత్తం అర్థమవుతుంది. సైమండ్స్ 53 బంతుల్లో 117 పరుగులు చేసి అజేయంగా నిలవగా డెక్కన్ 214 పరుగులు చేసింది. అప్పటికి పొట్టి క్రికెట్‌లో అంత స్కోరు చేసిన జట్టు గెలిచినట్టే లెక్క. రాజస్థాన్ వైపు గ్రేమ్ స్మిత్ 71, యూసుఫ్ పఠాన్ 61 బాదడంతో లెక్క చివరి ఓవర్‌కు, 17 పరుగులకు వచ్చి ఆగింది. ఆ ఓవర్ వేయడానికి బంతి అందుకున్నది మళ్లీ సైమండ్సే. ఎదురుగా ఉన్నది షేన్ వార్న్, బ్యాటు కంటే బంతితో బతికినవాడు. ఒక ఫోరు, రెండు సిక్సర్లు. బంతి మిగిలి ఉండగానే రాజస్థాన్ గెలిచింది. గంటన్నర కిందట లేచి నిలబడి చప్పట్లు కొట్టిన జనమే అదే మనిషిని తిడుతూ మెట్లు దిగారు. సెంచరీ చేసినవాడి చేతికే చివరి ఓవర్ ఎందుకు వచ్చిందన్న అసలు ప్రశ్న, అంటే డెత్ ఓవర్లు మోయగల బౌలర్‌ను వేలంలో ఎందుకు కొనలేదన్న ప్రశ్న, ఆ తిట్లలో ఎక్కడో కలిసిపోయింది. బ్యాట్స్‌మన్ విఫలమైతే వికెట్ ఎగిరిపడి కళ్లకు కడుతుంది. బౌలింగ్ కూర్పులోని లోపం పరుగు పరుగుగా కారిపోయి చివర్లో గానీ కనబడదు. అందుకే తెలుగు అభిమాని కోపం ఎప్పుడూ ముందుగా బ్యాటింగ్ వరుస మీదే విరుచుకుపడింది.

మరుసటి ఏడాది సార్వత్రిక ఎన్నికల వల్ల పోటీ దక్షిణాఫ్రికాకు తరలిపోగా, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో దాదాపు అదే జట్టు జొహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును ఆరు పరుగులతో ఓడించి కప్పు గెలిచింది. తేడా బ్యాటింగ్‌లో లేదు. ఫైనల్లో చేసినవి 143 పరుగులే. 23 వికెట్లతో పర్పుల్ క్యాప్, అంటే సీజన్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవారికి ఇచ్చే ఊదా టోపీ, అందుకున్న ఆర్.పి. సింగ్, స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా ఆ తేడా. మొగుడంపల్లి వంటి సరిహద్దు ఊళ్లలో బెంగళూరు మీద గెలుపుకు ప్రత్యేకమైన రుచి ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. కానీ విజేతలను సొంత ఊళ్లో చూసే భాగ్యం దక్కలేదు. 2010లో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉండడంతో హైదరాబాద్ మ్యాచ్‌లను నాగపూర్‌కు, కటక్‌కు, నవీ ముంబయికి మార్చేశారు.

2012లో పాత కథ మళ్లీ మొదలైంది. డేల్ స్టెయిన్ ఒక వైపు నిప్పులు చెరుగుతున్నా, రెండో వైపు ఆదుకునేవారు లేరు. మే 10న ఉప్పల్‌లో 187 పరుగులు చేసిన డెక్కన్ మీద ఢిల్లీ ఒక్క వికెట్ కోల్పోయి 16.4 ఓవర్లలోనే గెలిచింది. ఆ రోజు 109 పరుగులతో అజేయంగా నిలిచి హైదరాబాదీల నోరు మూయించినవాడు డేవిడ్ వార్నర్. ఆ ఏడాది సెప్టెంబరులో బోర్డు డెక్కన్ ఒప్పందాన్ని రద్దు చేసింది, అక్టోబరులో చెన్నైకి చెందిన సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు హైదరాబాద్ హక్కులు పొందింది. బ్యాట్ చేతులు మారింది. సన్‌రైజర్స్ అనే కొత్త పేరు వచ్చింది.

సన్‌రైజర్స్ తొలి సంవత్సరాల్లో ఫిర్యాదు తలకిందులైంది. భువనేశ్వర్ కుమార్, రషీద్ ఖాన్ వంటివారితో లీగ్‌లోనే బలమైన బౌలింగ్ ఈ జట్టుదనే పేరు వచ్చింది గానీ మిడిలార్డర్ మాటెత్తితే అభిమాని తల పట్టుకునేవాడు. 2016 కప్పు, మళ్లీ బెంగళూరును ఓడించి గెలిచినదే, అదే వార్నర్ ఈసారి హైదరాబాద్ తరఫున చేసిన 848 పరుగుల మీదా భువనేశ్వర్ 23 వికెట్ల మీదా నడిచింది. 2018 ఏప్రిల్ 24న వాంఖెడేలో 118 పరుగులకే అవుటైన హైదరాబాద్, ముంబయిని 87 పరుగులకు చుట్టేసింది. రెండు రోజుల తర్వాత సొంత మైదానంలో పంజాబ్ మీద 132 పరుగులనూ కాపాడుకుంది. అయినా ‘కెప్టెన్ విలియమ్సన్ అవుటైతే మ్యాచ్ అవుట్’ అన్న దిగులు పోలేదు. నాలుగు, అయిదు, ఆరు స్థానాల్లో ఏటా కొత్త ముఖాలు వచ్చాయి, ఏ ముఖమూ గుర్తుండలేదు.

2021 అభిమానానికి గట్టి పరీక్ష. ఆ ఏడాది వేలంలో హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడని నగర ఎమ్మెల్యే ఒకరు మ్యాచ్‌లను అడ్డుకుంటామని బహిరంగంగానే ప్రకటించాడు. ఆటో డ్రైవర్ కొడుకుగా ఈ ఊరి గల్లీల్లో బంతి నేర్చి 2017లో సన్‌రైజర్స్‌కు ఆడిన మహ్మద్ సిరాజ్ అప్పటికి బెంగళూరు పేసర్. మరుసటి ఏడాది మరో హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మను ముంబయి తీసుకుంది. 2021 మే 1న వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తప్పించి, మరునాడు తుది జట్టు నుంచే పక్కన పెట్టారు. తెలుగు సినిమా పాటలకు భార్యాపిల్లలతో చిందులేసి వీడియోలు పెట్టి లాక్‌డౌన్‌లో ఇంటింటి మనిషైన ఆస్ట్రేలియన్‌ను యాజమాన్యం బెంచీ మీద కూర్చోబెట్టడం తెలుగువారికి ఇంటి అల్లుణ్ణి అవమానించినట్టే అనిపించింది. జట్టు మూడు గెలుపులతో అట్టడుగున మిగిలింది. 2020 నుంచి మూడేళ్లపాటు ఉప్పల్‌లో లీగ్ మ్యాచే జరగకపోవడంతో, నగరంలో ఉన్నవాడూ మొగుడంపల్లిలో ఉన్నవాడూ ఒకే తెర ముందు ఒకే దూరంలో కూర్చుని తిట్టారు. ఊరికీ రాజధానికీ మధ్య నూరు కిలోమీటర్ల తేడా ఆ విషయంలో చెరిగిపోయింది.

2023లో మైదానం తెరుచుకున్నా గెలుపు తెరుచుకోలేదు. 13.25 కోట్లు పెట్టి తెచ్చిన హ్యారీ బ్రూక్ కోల్‌కతాలో ఒక సెంచరీ కొట్టాడు. మిగిలిన పది మ్యాచ్‌లలో చేసినవి 90 పరుగులు. సొంత గడ్డ మీద ఒకే విజయంతో జట్టు పదో స్థానంలో, అంటే చివర, ఆగింది. అంతకుముందటి చలికాలంలోనే రంజీ జట్టు ఒక్క గెలుపు కూడా లేకుండా ప్లేట్ గ్రూప్‌కు, అంటే ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాల కొత్త జట్లు ఆడే కింది అంతస్తుకు, పడిపోయింది. రెండుసార్లు రంజీ గెలిచిన జట్టు మేఘాలయ, అరుణాచల్ ప్రదేశ్‌లతో ఆడవలసి రావడం ఎంత వింతో, అక్కడ అది చేసినదీ అంతే వింత: 2024 జనవరిలో అరుణాచల్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లోనే 300 దాటి, ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అత్యంత వేగవంతమైన ట్రిపుల్ సెంచరీ సాధించి, సరిగ్గా 366 దగ్గర, శ్రీధర్ ఆగిన అంకె దగ్గరే అవుటయ్యాడు. ఆ సీజన్ చివర మేఘాలయను ఓడించి ప్లేట్ నుంచి బయటపడిన జట్టు నాయకుడు తిలక్ వర్మ.

సన్‌రైజర్స్ విషయంలో అభిమానుల గోడు వినిపించే బాధ్యత 2023 జులైలో అనుకోని మనిషి తీసుకున్నాడు. చెన్నైలో ‘జైలర్’ పాటల వేడుకలో రజనీకాంత్, ఓటమి వేళల్లో టీవీ కెమెరాలు జట్టు యజమాని కుమార్తె కావ్యా మారన్ ముఖాన్ని చూపిస్తుంటే చూడలేక ఛానెల్ మార్చేస్తున్నానని చెప్పి, జట్టులోకి మంచి ఆటగాళ్లను తీసుకోవాలని ఆ సినిమా నిర్మాత, జట్టు అధిపతి అయిన కళానిధి మారన్‌ను వేదిక మీదే కోరాడు. జహీరాబాద్ బస్టాండులో ఏళ్లుగా అంటున్న మాటకు యజమాని ఎదుట నిలబడే అవకాశం అలా ఒక తమిళ సూపర్‌స్టార్ ద్వారా దక్కింది. డిసెంబరు వేలంలో పాట్ కమిన్స్‌కు 20.5 కోట్లు పెట్టారు. 2024లో ముంబయి మీద 277, బెంగళూరు మీద 287 చేసి లీగ్ రికార్డులను రెండుసార్లు తిరగరాసిన ఆ బ్యాటింగ్ వరుస, మే 26 ఫైనల్లో కోల్‌కతా మీద 113 పరుగులకే ముగిసింది. ఐపీఎల్ ఫైనల్స్‌లో అంతకు తక్కువ స్కోరు లేదు. ఐబారా కాలంనాటి అలవాటు ఎక్కడికీ పోలేదు.

2025 మార్చి 23న ఉప్పల్‌లో 286 పరుగులతో సీజన్‌ను మొదలుపెట్టిన జట్టు ఆ వెంటనే వరుసగా నాలుగు ఓడిపోయింది. ఏప్రిల్ 12న పంజాబ్ అదే మైదానంలో 245 పరుగులు చేసింది. మహ్మద్ షమీ నాలుగు ఓవర్లలో వికెట్ లేకుండా 75 పరుగులిచ్చాడు. స్టేడియం గేట్ల వైపు నడక మొదలుపెట్టినవారు ఆగి వెనక్కి చూసేలా అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టి తొమ్మిది బంతులు మిగిలి ఉండగానే మ్యాచ్‌ను ముగించాడు. సెంచరీ దాటగానే అతడు జేబులోంచి ఒక చీటీ తీసి కెమెరాకు చూపించాడు. ఇది ఆరెంజ్ ఆర్మీ కోసం అని దాని మీద రాసి ఉంది. నారింజ రంగు జెర్సీ వేసుకుని స్టాండ్లలో కూర్చునేవారిని ఆ పేరుతోనే పిలుస్తారు. అయిదు రోజుల తర్వాత వాంఖెడేలో హైదరాబాద్ 162 పరుగులు చేసి నాలుగు వికెట్ల తేడాతో ఓడింది. ఆ రోజు ముంబయి తరఫున ఆడినవారిలో తిలక్ వర్మ ఉన్నాడు.